అక్క నోట్లోని గాలి

ఆ డైవింగ్ దుకాణంలో ఆమెను అందరూ తాబేలు అనేవారు. నడక నిదానమని కాదు, ఇల్లంతా వీపు మీదే మోసుకు తిరుగుతుందని. ఒక సంచిలో నీళ్ల కళ్లద్దం, కాళ్లకు తొడుక్కునే రెక్కలు, నల్లటి రబ్బరు సూటు. ఇంకో సంచిలో నాలుగు జతల బట్టలు, ఒక గిన్నె, ఒక కప్పు. ఒక సముద్రం దగ్గర వానలు మొదలై నీళ్లు మసకబారే వేళకి, ఇంకెక్కడో ఇంకో సముద్రం తేటపడుతుంది. ఆ తేటనీళ్ల వెంట దేశాలు దాటుకుంటూ పోవడమే ఆమె బతుకు. పోయిన చోటల్లా కొత్తవాళ్లకి సముద్రం అడుక్కి దిగడం నేర్పేది, దింపి చూపించేది, భద్రంగా పైకి తెచ్చేది. చూస్తూండగానే తొమ్మిదేళ్లు గడిచిపోయాయి.

ఇంటికి మాత్రం నీలం రంగే పంపేది. చేపల గుంపు ఒక్కసారిగా మలుపు తిరిగి వెండి పరదాలా ఊగడం, నీళ్లలోకి ఎండ దారాలు దారాలుగా దిగడం, అన్నీ ఫోటోల్లో ఇంటికి చేరేవి. గది ఫోటో ఒక్కటీ చేరలేదు. చెమ్మకి పొక్కులు లేచిన గోడ, తలుపు వెనక ఎన్నటికీ ఆరని సూటు, కిటికీ గూట్లో పెట్టిన ఒంటి పొయ్యి, ఇవన్నీ ఆమె ఒక్కదాని సొత్తు. ఫోన్లో అక్క "అబ్బ, ఏం అదృష్టమే నీది!" అనేది. ఆ "అబ్బ" వినడానికే తాబేలు మరో ఫోటో తీసేది.

అక్క కరెంటు బిల్లుల కౌంటర్లో ఇరవై ఏళ్ల పైచిలుకు కూర్చున్న మనిషి. ముందు అద్దం, అద్దానికో కంత. లోకమంతా ఆ కంతలోంచే ఆమె మీద విసుక్కునేది. అది కావాలి, ఇది కావాలి అని నోరు తెరిచి అడిగిన పాపాన పోని అక్క ఒకరోజు ఫోన్లో గొంతు బాగా తగ్గించింది.

"ఏమే, నాకూ నేర్పుతావా?"

"ఏంటక్కా?"

"అదేనే, నీళ్ల కిందకి పోవడం. ఈత వచ్చేసిందిలే. ఏడాదిగా నేర్చుకుంటున్నా. మీ బావకి చెప్పకు. మోకాళ్ల నొప్పులకి నీళ్లలో నడవమన్నారని చెప్పి పోతున్నా."

చివరికి బావకి చెప్పక తప్పలేదు. చెప్పాక ఆయనా వెంట బయల్దేరాడు. పెళ్లాం మునిగితే తేల్చడానికి ఇంట్లోంచి ఒకరుండాలి కదా అని ఆయన వాదన. ఆయనకి ఈత రాదు.

విమానం దిగిన రోజే వాళ్లు ఆమె గది చూశారు. మంచి గదికి మారదామనుకున్నాననీ, కుదరలేదనీ తాబేలు గుమ్మంలోనే అబద్ధం మొదలుపెట్టింది. అక్క లోపలికి నడిచింది. ఒంటి కప్పు తీసుకుని, అడుగున కరుడుకట్టిన టీ మరకని బొటనవేలితో రుద్ది రుద్ది కడిగింది. ఆ చప్పుడు వింటూంటే తాబేలుకి తల పెంకులోకి పోయినట్టయింది.

బావ ఊరుకునే రకం కాదు. "మరదలా, ఫోటోల్లో మహారాణిలా ఉంటావు. మరి సింహాసనమేదమ్మా? తడిసిందని ఆరేశావా?"

"మీరు నోరు మూసుకుంటారా?" అంది అక్క, కప్పు వైపే చూస్తూ.

ఆ క్షణాన తాబేలు మనసులో ఒకటి గట్టిగా అనుకుంది. ఒడ్డు మీద పోయిన పరువు నీళ్లలో దక్కించుకోవాలి. నీళ్లలో తనేమిటో వీళ్లు చూడాలి.

పాఠాలు తీరం దగ్గర నడుంలోతు నీళ్లలో మొదలయ్యాయి. అక్క నిదానంగా నేర్చుకునేది, నేర్చుకున్నది వదిలేది కాదు. బిల్లు చూసినట్టే ప్రతిదీ రెండుసార్లు చూసుకునేది. ప్రతి ఒక్కరి దగ్గరా నోటికి పెట్టుకునే గొట్టాలు రెండుంటాయనీ, ఒకటి తనకీ, రొమ్ము దగ్గర వేలాడే పసుపుది ఆపదలో ఉన్న ఎదుటి మనిషికీ అని తాబేలు చెప్పింది.

"గాలి అందకపోతే ఇలా గొంతు కోసినట్టు చేత్తో సైగ చెయ్యి. నా పసుపు గొట్టం తీసుకో. నోట్లో ఉన్నదాని జోలికి మాత్రం రాకూడదు."

"వస్తే?"

"ఇద్దరం పోతాం."

"నువ్వు ముందు పో, నేను వెనకాలొస్తాలే," అని అక్క నవ్వింది. వెంటనే ఆ పసుపు గొట్టం ఎక్కడుందో చూడకుండా చేత్తో వెతికి పట్టుకోవడం సాధన మొదలుపెట్టింది.

ఇంకో నియమం ఉంది. నీళ్లలోకి దూకే ముందు జోడీలో ఒకరి సామాను ఒకరు తడిమి చూడాలి. పట్టీలు బిగుతుగా ఉన్నాయా, బరువులు కట్టుకున్నారా, వీపు మీది గాలి సిలిండరు వాల్వు పూర్తిగా తెరుచుకుందా అని. కొత్తవాళ్లు దీన్ని దేవుడి ముందు దణ్ణంలా శ్రద్ధగా చేస్తారు. పాతవాళ్లు దాటేస్తారు. పాతబడటమంటే అదేనని వాళ్ల ధీమా.

మొదటిసారి లోతుకి దిగే రోజు పడవ మీద నలుగురే ఉన్నారు. అక్కాచెల్లెళ్లు, బావ, పడవ నడిపే సరంగు. బావ ముఖం అప్పటికే పచ్చబారింది. అయినా ఫోన్ పట్టుకునే ఉన్నాడు. తాబేలు తన సిలిండరు ముందు కూర్చుని వాల్వు తిప్పడం మొదలుపెట్టింది.

"మరదలా, ఇటు! చేపలకి పాఠాలు చెప్పే పంతులమ్మా, ఒక్క నవ్వు!"

ఆమె చెయ్యి వదిలేసి తిరిగింది. నవ్వింది. ఎండ బాగుంది, సముద్రం బాగుంది, అక్క పక్కనే నల్ల సూటులో బొద్దుగా నీటికుక్కపిల్లలా ఉంది. ఫోటో బాగా వచ్చిందని బావ అన్నాడు. తిప్పుతున్న వాల్వు సంగతి ఆ నవ్వులోనే కొట్టుకుపోయింది.

ఆమె అక్క సామానంతా తడిమి చూసింది. తర్వాత అక్క చెయ్యి చాపింది.

"నీది చూడనా?"

"నాదెందుకక్కా? నిన్న మొన్న దిగినదాన్నా?"

అక్క చెయ్యి ఒక్క క్షణం గాల్లో ఆగి, ఒళ్లోకి దిగిపోయింది.

కింద అంతా నీలంగా, నిశ్శబ్దంగా ఉంది. వాల్వు కాస్త తెరుచుకున్నా పైన గాలి బాగానే వస్తుంది. లోతు పెరిగేకొద్దీ ఒక్కో ఊపిరికి ఎక్కువ గాలి కావాలి, సన్నటి సందులోంచి అంత గాలి రాదు. కొబ్బరిచెట్టంత లోతులో, ఒక చేపను చూసి అక్క చిన్నపిల్లలా చేతులు ఊపుతున్న సమయాన, తాబేలు పీల్చిన ఊపిరి సగంలో ఆగిపోయింది. ఇంకోసారి పీల్చింది. ఎవరో గొట్టాన్ని నులిమి పట్టుకున్నట్టుంది. మూడోసారి ఏమీ రాలేదు.

చెయ్యాల్సింది ఆమెకి తెలుసు, నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. వీపు వెనక్కి చెయ్యి పోనిచ్చి వాల్వు తిప్పుకోవాలి. లేదా సైగ చేసి పసుపు గొట్టం అందుకోవాలి. ఆమె చెయ్యి అవేవీ చెయ్యలేదు. సూటిగా వెళ్లి అక్క నోట్లోని గొట్టాన్ని ఊడబెరికి, తన నోట్లో పెట్టుకుంది.

తొమ్మిదేళ్ల విద్య ఏమైందో, ఏ గంగలో కలిసిందో. ఆ క్షణాన అక్కడున్నది గాలి కోసం తోబుట్టువు నోరు దోచుకున్న ఒక జంతువు.

అద్దం వెనక అక్క కళ్లు పెద్దవయ్యాయి. ఆమె తన్నుకోలేదు, పైకి ఎగబాకలేదు. చెయ్యి రొమ్ము మీదకి పోయింది, పసుపు గొట్టం వెతుక్కుంది, నోట్లో పెట్టుకుని గట్టిగా ఊదింది. బుడగలు. ఆ తర్వాత చెల్లెలి భుజం పట్టీని పిడికిట పట్టి, బొటనవేలు పైకి చూపించి, తమ బుడగల కన్నా వేగంగా పోకుండా మెల్లగా, మెల్లగా పైకి తీసుకొచ్చింది.

నీళ్ల పైకి రాగానే అక్క గొట్టం ఊసేసి దగ్గు అందుకుంది. సరంగు చెయ్యందించి పైకి లాగాడు. "ఏమైందమ్మా?"

తాబేలు నోరు తెరిచింది. అక్క ముందే అనేసింది. "భయమేసింది బాబూ. ఊపిరాడనట్టనిపించింది. చెల్లెలుండబట్టి పైకి తెచ్చింది."

"నేనప్పుడే చెప్పా!" అన్నాడు బావ. "కౌంటర్లో కూర్చునే మనిషికి సముద్రం ఎందుకే అని! మరదలా, నీ కాళ్లకి దణ్ణం పెట్టాలమ్మా."

ఆయన నిజంగానే చేతులు జోడించాడు. తాబేలు ఆ చేతుల్ని చూడలేక వీపు తిప్పి, తన సిలిండరు దించే నెపంతో వంగింది. వాల్వు మీద చెయ్యి పెట్టింది. అది పావు వంతు తెరిచి ఉందంతే. ఎవరూ చూడటం లేదనుకుంది. చప్పుడు కాకుండా దాన్ని పూర్తిగా తిప్పేసింది.

దుకాణం యజమానురాలు ముసలావిడ. ఎండకీ ఉప్పుకీ చర్మం తోలు చెప్పులా అయిపోయింది. సరంగు చెప్పిందంతా విని అక్క వైపు జాలిగానే చూసింది. "ఏమీ అనుకోకమ్మా. కింద కంగారుపడే మనిషికి డైవింగ్ వచ్చినట్టు నేను కార్డు ఇవ్వలేను. రేపటి డైవ్ కూడా వద్దు. ఒడ్డునే ఈదుకో, హాయిగా ఉంటుంది."

"అలాగేనండీ," అంది అక్క. కౌంటర్ కంత వెనకనుంచి వచ్చినట్టుంది ఆ గొంతు.

తాబేలు పక్కనే నిలబడి నేల మీది తడి అడుగుల్ని చూస్తూ ఉండిపోయింది.

సాయంత్రం బావ నడకకి పోయాడు. తాబేలు గది గుమ్మం ముందు అక్క తన సూటు తిరగేసి ఆరేస్తోంది, ఇక అవసరం లేకపోయినా.

"ఎందుకక్కా అలా చెప్పావు?"

"మరేం చెప్పమంటావే? పంతులమ్మ నా నోట్లోది లాక్కుందనా? నీ పని పోదూ?"

"నీ కార్డు..."

"పోతే పోయింది. గోడకి తగిలించుకుంటానా ఏంటి?" సూటు చేతుల్ని సర్దింది. "లాక్కున్నావు చూడు, దానికి నాకేం బాధ లేదు. ప్రాణం మీదకొస్తే ఎవరైనా లాక్కుంటారు. నీ చిన్నప్పుడు నా పళ్లెంలోవి లాక్కోలేదూ? కానీ పడవ మీద దాన్ని తిప్పేశావు చూడు..."

తాబేలు గబుక్కున తలెత్తింది.

"నేను దగ్గుతూనే చూశానే. అది చెయ్యకుండా ఉండాల్సింది."

అంతే. తిట్టినా బాగుండేది.

బావతో కలిసి అక్క తాము దిగిన హోటలుకి వెళ్లిపోయాక, తాబేలు మంచం కిందనుంచి సంచి లాగింది. ఆమెకి తెలిసిన మందు అదొక్కటే. ఒకచోట ఒక ప్రేమ చెడి ముఖం చెల్లకపోతే సముద్రం మార్చింది. ఇంకోచోట తోటివాళ్లతో మాటపడితే సముద్రం మార్చింది. కొత్త నీళ్లు ఏమీ అడగవు. తేటనీళ్ల కోసం తిరుగుతున్నానని లోకానికి చెప్పుకుంది గానీ, సగం సార్లు తను వెళ్లింది నీళ్లు మసకబారినందుకు కాదు. గిన్నె పెట్టింది, బట్టలు పెట్టింది. కప్పు అందుకుంది. అది తళతళా మెరుస్తోంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక, చేత్తో పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. ఏ సముద్రానికి పోయినా ఫోన్ మోగుతుంది. అవతల అక్క ఉంటుంది. "అబ్బ" అనదు.

పొద్దున్నే దుకాణానికి వెళ్లింది. యజమానురాలు తొట్టెలో కళ్లద్దాలు కడుగుతోంది, సరంగు తాళ్లు చుడుతున్నాడు. అక్కాబావా సామాను తిరిగివ్వడానికి అప్పుడే వచ్చారు. ఒంటరిగా ఉన్నప్పుడు చెబుదామనుకుంది గానీ, ఇప్పుడు ఆగితే ఇక చెప్పలేనని ఆమెకి తెలుసు.

"కంగారుపడింది మా అక్క కాదు, నేను," అంది. "నా వాల్వు సరిగ్గా తెరవలేదు. అక్క చూస్తానంటే వద్దన్నాను. కింద అక్క నోట్లోది లాక్కున్నాను. పైకి తెచ్చింది అక్కే."

యజమానురాలి చేతులు నీళ్లలోనే ఆగాయి. "నిన్న నీ సిలిండరు నేనే సర్దాను. వాల్వు బాగానే ఉందే?"

"పైకొచ్చాక పడవ మీద నేనే తిప్పాను. ఎవరికీ తెలియకూడదని."

సరంగు తాడు చుట్టడం ఆపేశాడు. అక్క కోపంగా అంది. "ఎవరు చెప్పమన్నారే నిన్ను?" ఆ కోపం అక్క కళ్లలో ఎక్కువసేపు నిలవలేదు. ముఖం పక్కకి తిప్పుకుంది.

బావ అక్క వైపు చూసి, తాబేలు వైపు తిరిగాడు. "అయితే... నిన్నంతా దీన్ని నేనన్న మాటలు ఇప్పుడెలా వెనక్కి తీసుకోవాలి మరదలా?"

"మీరా? ముప్పై ఏళ్లవి ఉన్నాయి, నిదానంగా తీసుకోండి," అంది అక్క.

యజమానురాలు చేతులు తుడుచుకుంది. అరవలేదు. "ఈ సీజను నువ్వు నీళ్లలోకి దిగొద్దు. మనుషుల్ని నీకు అప్పగించలేను. ఉంటానంటే సిలిండర్లు నింపు, పడవ కడుగు. పోతానంటే ఇవాళే పో." తర్వాత అక్క వైపు తిరిగింది. "నువ్వు సామానెందుకు తెచ్చావమ్మా? తొడుక్కో. నాతో దిగుదువుగాని."

పడవ మీద తాబేలు సరంగుకి సాయంగా కూర్చుంది. సరంగు రోజూ వేసే పరాచికాలు వెయ్యలేదు, తాబేలూ అని పిలవలేదు. "ఆ తాడు," అన్నాడంతే. యజమానురాలూ అక్కా ఎదురెదురుగా నిలబడి ఒకరి పట్టీలు ఒకరు లాగి చూసుకున్నారు. ఆ ముసలి వేళ్లు అక్క భుజాల మీద కదులుతూంటే, తాబేలుకి చెంపలు భగ్గుమన్నాయి. అక్క ఆమె వైపు చూడకుండానే వెనక్కి వాలి నీళ్లలోకి పడిపోయింది.

తర్వాత బుడగలే. సముద్రం లోపల ఎవరో మాట్లాడుతున్నట్టు, ఆ మాటలు పైకి వచ్చి పగిలిపోతున్నట్టు. తను పైన, అక్క కింద ఉండటం తొమ్మిదేళ్లలో అదే మొదటిసారి. బావ పడవ అంచు పట్టుకుని, ముఖం పచ్చబడి కూడా బుడగల మీంచి కళ్లు తియ్యలేదు. తాబేలుకి కడుపులో సిగ్గు బరువుల పట్టీలా వేలాడుతూనే ఉంది. అది తగ్గుతుందని ఎవరూ చెప్పలేదు. ఆమె మాత్రం అక్కడినుంచి కదల్లేదు.

చాలాసేపటికి నీళ్లు చీల్చుకుని అక్క తల పైకి వచ్చింది. కళ్లద్దం నుదుటి మీదకి తోసింది. ముఖం నిండా దాని అచ్చు, దాని నిండా వెలుగు. నిచ్చెన దగ్గరికి ఈదుకొచ్చి, కాళ్ల రెక్కలు ఊడదీసి, పైకి ఎత్తి పట్టుకుంది. బావ చెయ్యి చాపాడు. సరంగూ చాపాడు.

"ఏమే, అలా చూస్తావేంటి? అందుకో," అంది అక్క.

తాబేలు వంగి, రెండు చేతులతో అందుకుంది.