నారాలో ఆంటీని కసిరిన రోజు

పోయిన మంగళవారం ఆఫీస్‌లో మీటింగ్ జరుగుతుండగా నా పాత రూమ్మేట్ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. "ఆంటీ పోయారే. పొద్దున నిద్రలోనే." అమెరికాలో నాకు ఆంటీలు చాలామందే ఉన్నారు గానీ, ఉత్తి ఆంటీ అంటే మా ఇద్దరికీ ఒక్కరే. లాప్‌టాప్ మూసేసి, కార్‌లోకి వెళ్ళి కూర్చుని ఏడ్చాను.

మేం మాస్టర్స్ చదివే రోజుల్లో ఆవిడ మోరిస్‌విల్ అనే ఊళ్ళో మా పక్క వీధిలో ఉండేవారు. మా ఐదుగురు రూమ్మేట్లలో ఒక్కరికీ కారు లేదు. శనివారం మధ్యాహ్నం ఆవిడే వచ్చి వ్యాన్‌లో ఎక్కించుకుపోయి గోంగూర పప్పు, బెండకాయ వేపుడు, గడ్డపెరుగు పెట్టేవారు. చాలన్నా వినేవారు కాదు. మొదటిసారి నేను థాంక్యూ అన్నందుకు చురుక్కున చూసి, "అన్నానికి థాంక్స్ ఏంటే? తిన్న కంచం కడిగి బోర్లించు, చాలు" అన్నారు. రెండేళ్ళూ కడిగి బోర్లించాను. పెరట్లో గడ్డి కోయడానికి వచ్చినాయనక్కూడా పులిహోర డబ్బాలో పెట్టి ఇచ్చే ఇల్లు అది.

ఇక నా సంగతి. నోటి దురుసు నాకు పుట్టుకతో వచ్చింది. దాని గురించి చెప్పుకోవడానికే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

మూడేళ్ళ కిందట వీసా స్టాంపింగ్‌కి నేను హైదరాబాద్ వెళ్ళాల్సి వచ్చింది. ఆంటీ కూడా అప్పుడే చెల్లెల్ని చూడడానికి బయలుదేరుతున్నారు. జపాన్ మీదుగా టికెట్లు బుక్ చెయ్యమని ఆవిడే అన్నారు. నారా అనే ఊళ్ళో జింకలు తల వంచి దణ్ణం పెడతాయని ఫోన్‌లో ఏదో వీడియో చూశారట. "ఇదేం చోద్యమే! ఒక్కసారి నా కళ్ళతో చూడాలి" అని నెల రోజులు అదే పాట. అంకుల్‌కి సెలవు దొరకలేదు. మేమిద్దరమే వెళ్ళాం.

నారా ఒకప్పుడు జపాన్‌కి రాజధాని. ఇప్పుడు ఎటు చూసినా పాత గుళ్ళు, వాటి మధ్య ఇష్టమొచ్చినట్టు తిరిగే జింకలు. దేవుడి జింకలని వాటినెవరూ ఏమీ అనరు. వాటికి పెట్టడానికి అప్పడాల్లాంటి పల్చటి బిళ్ళలు అమ్ముతారు. బిళ్ళ పైకెత్తి పట్టుకుంటే జింక తల వంచుతుంది, అప్పుడు పెట్టాలి. ఆంటీ మాత్రం అది తల వంచకముందే నోటికి అందించేశారు. "దణ్ణం పెట్టనివ్వండి ఆంటీ, వీడియో తీస్తున్నా" అన్నాను. "ఆకలి మీద వచ్చినదాని చేత దణ్ణాలు పెట్టించుకుంటామా? తప్పు కాదూ!" అన్నారు.

బిళ్ళలు అయిపోయాయి. రెండు చేతులూ విప్పి చూపిస్తే జింకలు పోతాయని అమ్మే ఆవిడ సైగ చేసి మరీ చెప్పింది. ఆంటీకి మనసొప్పలేదు. తినడానికొచ్చి ఎదురుగా నిలబడ్డవాటికి ఏమీ లేదని చూపించడం ఆవిడ వల్ల కాలేదు. ఏమైనా దొరుకుతుందేమోనని భుజాన ఉన్న గుడ్డసంచి తెరిచి వెతకసాగారు. నా వీసా కాగితాలన్నీ అందులోనే ఉన్నాయి. నా దగ్గరుంటే పోగొడతానని ఎయిర్‌పోర్ట్‌లోనే లాక్కుని దాచారు. ఒక జింక సంచిలో మూతి పెట్టి ఫైల్ బయటికి లాగింది. నేను పరిగెత్తి అందుకునేసరికి నా హెచ్‌వన్‌బీ అప్రూవల్ నోటీసు మూల దాని నోట్లో ఉంది.

మూడో రోజే ఇంటర్వ్యూ. జింకని నెట్టేసి ఆంటీ మీద అరిచాను. "మీకు చెప్తే అర్థం కాదా? కనిపించిన ప్రతిదానికీ పెట్టాలనే ఈ పిచ్చేంటి మీకు? నా వీసా పోతే ఎవరు చూస్తారు?" చుట్టూ ఉన్నవాళ్ళు తిరిగి చూశారు. ఆ పిచ్చి వల్లే రెండేళ్ళు కడుపు నింపుకున్నదాన్ని, ఆ మాట ఎలా వచ్చిందో నాకు!

ఆవిడ మెల్లగా రెండు చేతులూ విప్పి జింకలకి చూపించారు. అవి ఒక్కొక్కటే వెళ్ళిపోయాయి.

తర్వాత పెద్ద బుద్ధుడి గుళ్ళోకి వెళ్ళాం. ఆ విగ్రహం ముందు ఆవిడ చాలాసేపు నిలబడ్డారు. "ఆయన చేతుల్లోనూ ఏమీ లేదు చూడు. అయినా ఎంతమంది వస్తున్నారో" అన్నారు. నేను ఊ కొట్టి, బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని మూల చిరిగిన కాగితం సాపు చేసుకున్నాను. అప్పుడే సారీ చెప్పాల్సింది. తిక్క దిగలేదు, చెప్పలేదు.

హైదరాబాద్‌లో ఆఫీసర్ ఆ కాగితం అడగనే లేదు. వీసా వచ్చింది. తర్వాత ఉద్యోగం మారి నేను కాలిఫోర్నియా వచ్చేశాను. ఫోన్ చేసినప్పుడల్లా ఆవిడ "తిన్నావా?" అనే అడిగేవారు. సారీ నాలుక చివరిదాకా వచ్చేది. ఫోన్‌లో ఎందుకులే, వచ్చే నెల వెళ్ళి ఎదురుగా చెబుదాం అనుకునేదాన్ని. మూడేళ్ళలో ఆ నెల రాలేదు.

శనివారం ఫ్యూనరల్ హోమ్‌లో ఆవిడ చెవి దగ్గర వంగి చెప్పాను. వినేవాళ్ళు పోయాక చెప్పే మాట ఎందుకూ కొరగాదని అప్పుడు తెలిసింది. మీలో ఎవరికైనా అలాంటి మాట మిగిలి ఉంటే ఇవాళే చెప్పేయండి. దాచుకోలేక, పక్కన కూర్చున్న అంకుల్‌తో నారాలో నేనన్నదంతా చెప్పేశాను. ఆయన నావంక వింతగా చూశారు.

"అరిచావా? మాకలా చెప్పలేదమ్మా. జింకలు మీద పడితే నువ్వే అడ్డం నిలబడి కాపాడావని చెప్పింది. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ అదే కథ."

జేబులోంచి ఆంటీ ఫోన్ తీసి నా చేతికిచ్చారు. స్క్రీన్ మీద నా ఫొటో ఉంది. ఆవిడ ఎప్పుడు తీశారో కూడా నాకు తెలీదు.

"పొద్దున లేవగానే ముందు ఈ మొహమే చూసేదమ్మా. చూస్తే రోజంతా బాగుంటుందనేది" అన్నారు అంకుల్.

గుడి మెట్ల మీద, చిరిగిన కాగితం ఒళ్ళో పెట్టుకుని, మూతి ముడుచుకుని కూర్చున్న మొహం అది.