పేడనీళ్ళు పోసిన పంపు

మా మేనమామకి అరవై దాటాక ఉద్యోగం వచ్చింది. బలిఘట్టం దాటాక కొత్తగా కట్టిన ఒక ఫంక్షన్ హాలు వెనక చిన్న స్విమ్మింగ్ పూల్ ఉంది. దాని పంపు చూసుకోవడం, నీళ్ళలో పడ్డ ఆకులు తీయడం ఆయన పని. ఒకప్పుడు కొయ్యూరు రోడ్డు వెంట ఏ రైతు మోటారు మొరాయించినా ఈయన సైకిలే కనబడేది. సబ్‌మెర్సిబుల్ మోటార్లు వచ్చాక పిలిచేవాళ్ళు లేకుండా పోయారు. నాలుగేళ్ళు అరుగు మీద ఊరికే కూర్చుని మనిషి సగమైపోయాడు. ఈ పని దొరికాక మళ్ళీ పొద్దున్నే లేచి ఇస్త్రీ చొక్కా వేసుకోవడం మొదలుపెట్టాడు. ఇది పోతే మా మావయ్య మళ్ళీ కోలుకోడని నాకు తెలుసు. తెలిసి కూడా నా నోటితో నేనే పోగొట్టాను.

నాకు స్పానర్ పట్టుకోవడం నేర్పింది ఆయనే. ఆ చలవతోనే నర్సీపట్నంలో మోటార్ల రిపేరు షాపు నడుపుకుంటున్నాను. ముక్కు మీద కోపం మాత్రం ఎవరూ నేర్పలేదు, పుట్టుకతో వచ్చింది.

వేసవి మొదట్లో ఆ పంపు పేచీ పెట్టడం మొదలుపెట్టింది. పొద్దున స్విచ్ వేస్తే మోటారు తిరుగుతుంది కానీ నీళ్ళు ఎత్తదు. పంపు నిండా నీళ్ళు పోసి, మూత బిగించి వేస్తే పది నిమిషాలు బాగానే ఆడుతుంది, తర్వాత ఉత్త హోరు. మావయ్య వారం రోజులు బకెట్లతో పోస్తూనే ఉన్నాడు. నాకు ఒక్క ముక్క చెప్పలేదు. పని నేర్పినవాడు నేర్చుకున్నవాణ్ణి అడగడమేమిటి అనుకుని ఉంటాడు.

ఆ ఆదివారం అక్కడ ఎవరిదో పుట్టినరోజు. పిల్లలు పూల్‌లో దిగుతారు. శుక్రవారం పొద్దున ఓనరు కాస్త గట్టిగానే మాట్లాడాడట. దాంతో మావయ్య తనకు తెలిసిన వైద్యం చేశాడు. మా వైపు పొలం పంపులో నీళ్ళు నిలవకపోతే పేడ కలిపిన నీళ్ళు పోస్తారు. పేడలోని పీచు సందుల్లో ఇరుక్కుని గాలి దూరకుండా మూసేస్తుంది. వరిచేలకి దానివల్ల వచ్చే నష్టమేమీ లేదు. ఎన్ని బావుల దగ్గర పోశాడో లెక్కలేదు, అలవాటుగా ఇక్కడా రెండు బకెట్లు పోశాడు. పంపు వెంటనే నీళ్ళు అందుకుంది. ఆయన సంతోషంగా వెళ్ళి టీ తాగి వచ్చేసరికి నీలంగా ఉండాల్సిన పూల్ గేదెలు పడుకుని లేచిన గుంటలా తయారైంది.

ఓనరు నాకు ఫోన్ చేశాడు. వెళ్ళేసరికి మావయ్య ప్యాంటు మడిచి, ఖాళీ బకెట్ పట్టుకుని, పంపు పక్కన నిలబడి ఉన్నాడు. మోటారు ఆన్ చేసి, షేవింగ్ క్రీము నురగ చేసి ప్రతి అతుకు మీదా రాశాను. ఎక్కడ గాలి లాగుతుంటే అక్కడ నురగ లోపలికి పోతుంది. అద్దపు మూత అంచు దగ్గర గుటుక్కున పోయింది. విప్పి చూస్తే మూత కింది రబ్బరు రింగు ఎండిపోయి పగిలి ఉంది. కొత్తది వేసి గ్రీజు రాశాను. పంపు నీళ్ళు పట్టింది, మళ్ళీ వదల్లేదు. ఇంతా చేసి ఇది అరగంట పని.

అక్కడితో ఊరుకుంటే పోయేది. కానీ నాకు ఒళ్ళు మండిపోతోంది. ఓనరు పక్కనే ఉన్నాడన్న ధ్యాస కూడా లేదు.

"ఇది నువ్వు సేసే పని కాదు మావయ్యా. పొలం మోటారనుకున్నావేటి? నీకేటీ తెల్దు, ఒగ్గీయ్."

 మావయ్య బకెట్ కడగడానికి వెళ్ళాడు. ఓనరు నన్ను పక్కకు పిలిచి, పెద్దాయన్ని రేపట్నుంచి రావద్దని చెప్పమన్నాడు. తాను చెప్పడానికి మొహమాటమట. బతిమాలాను. ఆయనకేమీ తెలియదని మీరే అన్నారు కదండీ అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

తిరిగి వస్తుంటే బండి వెనక కూర్చున్న మావయ్య టీ కొట్టు దగ్గర ఆపమన్నాడు. జేబులోంచి పగిలిన రింగు తీశాడు. నేను పారేసినదాన్ని ఏరి తెచ్చుకున్నాడు.

"ఇదెలాగెక్కించాలో ఓపాలి సూపించు అల్లుడూ. రేపట్నించి నానే సూసుకుంటాను."

అప్పుడు చెప్పాలి. చెప్పలేదు. టీ గ్లాసు అంచుకి రింగు పెట్టి, మెలి పడకుండా ఎలా కూర్చోబెట్టాలో, గ్రీజు ఎంత పల్చగా రాయాలో అంతా చూపించాను. ఆయన నురగ సంగతి రెండుసార్లు అడిగి, తనలో తాను మళ్ళీ చెప్పుకున్నాడు. ఇంటి దగ్గర దింపేటప్పుడైనా నోరు పెగల్లేదు. నలుగురిలో తిట్టడానికి వచ్చిన ధైర్యం ఒంటరిగా ఉన్నప్పుడు రాలేదు. రేపు పెందరాళే వెళ్ళి చెబుదాంలే అనుకున్నాను, ఛీ.

మర్నాడు నాకంటే ముందే ఆయన వెళ్ళిపోయాడు. ఎనిమిదింటికి నడుచుకుంటూ నా షాపుకి వచ్చాడు. స్టూలు మీద కూర్చుని మంచినీళ్ళడిగి తాగాడు. ముఖంలో కోపం లేదు. ఉంటే బాగుండేది.

"నిన్న టీ కొట్టుకాడే సెప్పీవలిసింది, అల్లుడూ," అన్నాడు. "గేటుకాడ వాచ్‌మేన్‌తోటి వాదులాడీసాను. మా అల్లుడు నాకు పని నేర్పీసాడు, లోపలికి ఒగ్గమని."