నాయిన పుస్తకంలో లేని గాయం

నాయిన డ్యూటీ బూట్లకు పాలిష్ పెట్టి ఎండలో ఆరబెట్టడమే ఆ రోజు నేను చేసిన తప్పు.

అప్పుడు నేను మేడ్చల్‌లో ఇంటర్ మొదటి ఏడు చదువుతున్నాను. మా ఊరు శామీర్‌పేట పక్కనే. నాయిన మిల్ట్రీలో పదిహేనేళ్ళు చేసి వచ్చి, మేడ్చల్ దారిలో ఒక మందుల ఫ్యాక్టరీ గేటు దగ్గర గార్డుగా ఉండేవాడు. మధ్యాహ్నం షిఫ్టుకు బయల్దేరబోతూ బూటు చేతిలోకి తీసుకున్నాడు. ఎండకు తోలు మీద సన్నటి పగుళ్ళు లేచాయి. నన్ను పిలవలేదు, తిట్టలేదు. వచ్చి అదే బూటుతో కొట్టాడు. మొదటి దెబ్బ చెవి మీద పడింది. రెండోదానికి చెయ్యి అడ్డం పెట్టాను. మణికట్టు దగ్గర ఎండిన కందికట్టె విరిగినట్టు చప్పుడైంది.

అమ్మ పొయ్యి దగ్గర్నుంచి ఉరికొచ్చి మా ఇద్దరి మధ్య పడింది. కింద పడ్డ అమ్మను నాయిన తన్నాడు. ఆయనకు ఎడమకాలు కుంటిది. దాని మీద నిలబడి కుడికాలితో తన్నాలంటే పట్టు దొరకదు. అందుకని ఒక చేత్తో పందిరి గుంజ పట్టుకున్నాడు. తను పడిపోకుండా గుంజ పట్టుకుని మరీ తన్నాడు. నా చెయ్యి విరిగిన నొప్పి మరిచిపోయాను గాని, ఆ గుంజ పట్టుకున్న చేతిని మాత్రం ఇంతవరకు మరిచిపోలేదు.

కాసేపటికి ఆయనే తువ్వాలతో నా చెయ్యి కట్టి, సైకిల్ వెనక కూచోబెట్టుకుని, కట్టు కట్టే ముసలాయన దగ్గరికి తీసుకుపోయాడు. "ఎట్ల విరిగింది?" అని ఆయన అడిగితే "బాయికాడ జారి వడ్డది" అన్నాడు నాయిన. అమ్మను ఎక్కడికీ తీసుకుపోలేదు. ఆమె రెండు నెలలు గోడకానుకుని కూచునే నిద్రపోయింది. పక్కటెముకలు రెండు విరిగాయని చాలా ఏళ్ళ తర్వాత గాని తెలియలేదు.

నాయిన ఎడమ తొడలో పిడికిలి పట్టేంత గుంట ఉండేది. చిన్నప్పుడు నూనె రాసి పిసికేదాన్ని. "ఏందిది నాయినా?" అంటే "లడాయిల తాకింది" అనేవాడు. అంతకుమించి చెప్పేవాడు కాదు. డెబ్బై ఒకటి యుద్ధంలో ఉన్నాడని అమ్మ చెబితేనే తెలిసింది.

తొంభై ఏడు ఎండాకాలంలో ఫ్యాక్టరీ గేటు దగ్గర కుర్చీలో కూచున్నవాడు కూచున్నట్టే పోయాడు. అప్పటికి నాకు పెళ్ళయి మేడ్చల్‌లో ఒక బడిలో టీచరుగా పనిచేస్తున్నాను. శవం ఇంటికొచ్చినప్పుడు నేను మొదట ఆయన చేతుల వైపు చూశాను. కదలడం లేదని రూఢి చేసుకున్నాకే దగ్గరికి పోయాను.

పదకొండో రోజు, పెద్దదినం నాడు వాకిట్లో పందిరి కింద బంతి కూర్చుంది. మాంసం కూర ఉడుకుతున్న పెద్ద డేక్సా దగ్గర అమ్మ ఇనుప గరిటె పట్టుకుని నిలబడింది. మా చిన్నాయిన, అంటే నాయిన తమ్ముడు, కల్లు బాగానే తాగి ఉన్నాడు. పింఛను కాగితాల కోసమని నాయిన మిల్ట్రీ డిశ్చార్జి పుస్తకం ముందురోజే ఆయన చేతికిచ్చాం.

"పుస్తకం మొత్తం సదివిన" అన్నాడు బంతిలో అందరికీ వినపడేలా. "దెబ్బ తాకినట్టు యాడ లేదు. లడాయి లేదు, గిడాయి లేదు. మా అన్న తాగి మురికి మోరీల వడి కాలు ఇరగ్గొట్టుకున్నడు. ఇన్నేండ్లు మనల ఎడ్డోళ్ళను జేసిండు. లడాయిల తాకితె పతకం ఏది మరి?"

ఇద్దరు ముగ్గురు నవ్వారు. అమ్మ డేక్సాలోంచి గరిటె తీసింది. మెల్లగా నడిచొచ్చింది. కూర వడ్డించడానికి వస్తోందనే అనుకున్నాను. చిన్నాయిన నెత్తి మీద కొట్టింది. గరిటెకు అంటిన వేడి కూర, నెత్తురు కలిసి ఆయన ముఖం మీద కారాయి. ఆయన లేవబోతే భుజం మీద ఇంకొకటి వేసింది. మూడో దెబ్బకు ఆయన విస్తరి మీదనే బోర్లా పడ్డాడు. అన్నం ఎర్రబడింది. నలుగురం పట్టుకుంటే గాని అమ్మ ఆగలేదు. అమ్మ ఒకరి మీద చెయ్యెత్తడం నేను చూడటం అదే మొదటిసారి.

"తొడల నుంచి ఇనుప ముక్కలు నేను దీసిన్రా!" అని అరిచింది. "లడాయి అయినంక పదేండ్లకు గూడ మీదికి తేలినయ్. పిన్నీసు వెట్టి దీసిన. నువ్వు దీసినవా? మోరీల ఇనుముంటదారా?"

చిన్నాయినకు మేడ్చల్‌లో ఏడు కుట్లు పడ్డాయి. ఊరి పెద్దలు కూచుని పోలీసు దాకా పోనీయలేదు. ఆయన మా గడప తొక్కడం మానేశాడు.

వారం తర్వాత అమ్మ డిశ్చార్జి పుస్తకాన్ని గుడ్డలో చుట్టి నా దగ్గరికి తెచ్చింది.

"గీ పుస్తకంల తప్పువడ్డది. దిద్దిపియ్యాలె. గా పతకం తేవాలె" అంది.

"నిన్ను ఎన్నిసార్లు కొట్టిండు? లెక్క ఉందా? గా మనిషికి నేను పతకం తేవాల్నా?" అన్నాను.

"కొట్టింది నిజమే. తాకింది గూడ నిజమే. తాకిన దెబ్బ తాకలేదంటె ఎట్లుంటదో నీకు ఎర్క లేదా?" అంది అమ్మ.

నాకు ఎరుకే. బాయికాడ జారి పడ్డదని నా చేతి గురించి నా ముందరే చెప్పినప్పుడు విన్నాను కదా. మరుసటి రోజు బడికి సెలవు పెట్టి, అమ్మను వెంటబెట్టుకుని బయల్దేరాను.

మాజీ సైనికుల వ్యవహారాలు చూసే ఆఫీసు పట్నంలో ఉంది. అక్కడి గుమస్తా కూడా మిల్ట్రీలో చేసి వచ్చినవాడే. పుస్తకం తిరగేసి, గాయాల గడిలో 'లేవు' అని ఉన్నచోట వేలు పెట్టి చూపించాడు. లడాయిలో గాయపడ్డవాళ్ళకు ఒక పతకం ఉంటుందని, మనిషి పోయినా ఇంటివాళ్ళు అడగవచ్చని చెప్పాడు. పటాలం రికార్డులుండే ఆఫీసుకు అర్జీ రాసిచ్చాడు. ఏడు నెలలకు జవాబొచ్చింది. గాయపడినట్టు ఆధారం లేదని రెండే రెండు వాక్యాలు. గుమస్తా దాన్ని చదివి, మడిచి అమ్మ చేతిలో పెట్టాడు.

"అప్పుడు పక్కన ఉన్న మనిషి సాక్ష్యం కావాలమ్మా. మీ ఆయన మిల్ట్రీ కంపెనీల పని జేసిన హవల్దారు ఒకాయన యాప్రాల్‌ల ఉంటడు. పోయి అడుగుండ్రి" అన్నాడు.

యాప్రాల్ కాలనీలో ఆ హవల్దారు ఇల్లు తేలిగ్గానే దొరికింది. డెబ్బై ఏళ్ళ మనిషి, నిటారుగా నడుస్తున్నాడు. ముందరి పళ్ళు నాలుగు లేవు. నాయిన పేరు చెప్పగానే నిలబడ్డవాడు కూచున్నాడు.

"సంతకం వెడ్త. కని ముందు ఏం జరిగిందో ఇనుండ్రి. ఇన్నంక వద్దంటె వద్దనుండ్రి" అన్నాడు.

తెల్లవారే వేళ శత్రువుల బంకరు మీదికి పోయారట. నడుం లోతు గడ్డి, దాని కింద మందుపాతరలు. నాయిన పక్కన సరిగ్గా అదే పేరున్న ఇంకొకతను పరుగెత్తుతున్నాడు. ఒకే కంపెనీలో ఇద్దరికీ ఒకటే పేరు. గ్రెనేడు వారిద్దరి మధ్య పడింది. అతని కడుపు చీలింది. నాయిన తొడ ఎముక కనపడేదాకా తెరుచుకుంది. అయినా నాయిన పాక్కుంటూ పోయి బంకరులో పడ్డాడు. తుపాకి ఎక్కడో జారిపోయింది. లోపల ఒకే ఒక్క మనిషి మిగిలి ఉన్నాడు.

"నెత్తి మీది టోపీ దీసి గొట్టుడు షురూ జేసిండు. ఇనుప టోపీ. నేను వొయ్యేసరికి గా మనిషి సచ్చి మస్తుసేపైంది. మొకం లేదు. ముక్కు, కండ్లు, ఏం లేవు. అయినా గొడ్తనే ఉన్నడు. తొడలకెంచి నెత్తురు కారుతాంది, అది సూస్తలేడు. ఎనకకెంచి పట్టుకున్న. నా దిక్కు మర్లి నన్ను గూడ గొట్టిండు." హవల్దారు నోరు తెరిచి ఖాళీ చిగుళ్ళు చూపించాడు. "గీ నాలుగు గప్పుడు వొయినయే."

అమ్మ రెప్ప కొట్టకుండా వింటోంది.

"మొకం లేకుంట గొట్టిండా?" అని అడిగింది.

"అవునమ్మా."

"ఆయినకు ఆపుడు రాదు" అంది అమ్మ, అదేదో తనకు తెలిసిన పాత జబ్బు పేరు చెప్పినట్టు.

నాకు ఒక్కటే తెలుసుకోవాలనిపించింది. "లడాయితోనే మా నాయిన గట్ల అయిండా సార్?" అన్నాను. అవునంటాడేమోనని ఎంత ఆశపడ్డానో అడిగిన తర్వాత అర్థమైంది.

ఆయన నా వైపు తిరిగాడు. "అబద్ధం జెప్పలేను బిడ్డా. ట్రైనింగులనే వంటోని దవడ వలగ్గొట్టిండు, రొట్టె మాడిందని. గా చెయ్యి ముందుగాల్నే గట్లుండె. గా ఒక్క దినం మాకు పనికొచ్చింది. గంతే" అన్నాడు. తర్వాత లోపలికి పోయి కళ్ళద్దాలు తెచ్చుకున్నాడు.

అమ్మ వాంగ్మూలం కూడా కావాలన్నారు. మేడ్చల్ ఎమ్మార్వో ఆఫీసు ముందు రేకుల కింద మిషన్ పెట్టుకుని కూచునే టైపిస్టు దగ్గరికి పోయాం. భర్త తొడలో గాయం ఉన్నదని, ఇనుప ముక్కలు తానే తీశానని అమ్మ చెబుతుంటే అతను టకటకా కొట్టుకుంటూ పోయాడు.

"ఇగ గిది గూడ రాయి" అంది అమ్మ. "నా పక్క బొక్కలు రెండు ఇరగ్గొట్టిండు. నా బిడ్డ చెయ్యి ఇరగ్గొట్టిండు. ఒకసారి నెలలు నిండకముందే నా కడుపు తన్నితె మొగపిల్లగాడు సచ్చి పుట్టిండు."

టైపిస్టు చేతులు ఆగిపోయాయి. ఆ మూడోది నాకు తెలియదు. ఆ రోజు వరకు ఎవరూ చెప్పలేదు.

"గివి మిల్ట్రోళ్ళకు పనికిరావమ్మా" అన్నాడతను మెల్లగా.

"నిజమే జెప్తానని కాయితం మొదట్ల రాసినవ్ గద? సగం నిజం జెప్పి యేలుముద్ర ఎట్ల ఎయ్యాలె?"

"గట్ల రాస్తె మీ అర్జీ వాపస్ వస్తదమ్మా. నా మాట ఇను."

అమ్మ వేలికి సిరా అంటి ఉంది. చాలాసేపు ఆ కాగితం వైపు చూసింది. తర్వాత ముద్ర వేసి, వేలు చీర కుచ్చిళ్ళకు గట్టిగా తుడుచుకుంది. బస్సులో నేను ఆమె చెయ్యి పట్టుకోబోతే తీసేసుకుంది.

మళ్ళీ ఏడాదిన్నర పట్టింది. ఈసారి వచ్చిన ఉత్తరంలో అసలు సంగతి ఉంది. ఆస్పత్రి రిజిస్టరులో తొడ గాయం నమోదై ఉంది గాని, దాన్ని అదే పేరున్న రెండో మనిషి కాగితాల్లో ఎక్కించారు. అతను ముందు గాయపడి, తర్వాత చనిపోయినట్టు రాసుకుని మూసేశారు. నిజానికి అతను ఆ గడ్డిలోనే పోయాడు. తప్పు దిద్దామని, పతకం పంపుతున్నామని రాశారు.

రెండువేల ఒకటిలో పతకం వచ్చింది. చిన్న డబ్బా, తెల్ల రిబ్బను, నడుమ ఎర్ర గీత. పతకం అంచు మీద నాయిన నంబరు, పేరు చెక్కి ఉన్నాయి. అమ్మ దాన్ని అరచేతిలో పెట్టుకుని బరువు చూసింది. "గింతేనా?" అంది.

ఆ రాత్రి ఊళ్ళో అమ్మ దగ్గరే ఉండిపోయాను. మరునాడు పొద్దున నేను లేచి చూసేసరికి అమ్మ లేదు, డబ్బా లేదు. చిన్నాయిన ఇంటికి పోయిందని తెలిసి ఉరికాను. మళ్ళీ ఎవరి నెత్తి పగులుతుందోనని నా భయం. నేను పోయేసరికి చిన్నాయిన మంచం మీద కూచుని, పతకాన్ని కళ్ళ దగ్గర పెట్టుకుని, అంచు మీది నంబరును ఒక్కొక్క అంకె చదువుతున్నాడు. అమ్మ ఎదురుగా నిలబడి ఉంది.

చదవడం అయిపోయాక ఆయన అంగీ పైకెత్తి వీపు చూపించాడు. నల్లటి పాత గీతలు, లెక్కలేనన్ని.

"నాకు తొమ్మిదేండ్లున్నప్పుడు, ఎడ్లు మక్కచేన్ల వడ్డయని బండి గీరెకు గట్టి ములుగర్రతోని గొట్టిండు వదినె. మిల్ట్రీల జేరకముందు. సొమ్మసిల్లినంక గూడ ఇడువలే. గసువంటోనికి పతకమిచ్చిన్రు."

"దెబ్బ తిన్నందుకు ఇచ్చిన్రు. కొట్టినందుకు గాదు" అంది అమ్మ.

చిన్నాయిన ముఖం చేతుల్లో పెట్టుకుని ఏడ్చాడు. అమ్మ ఆయన నెత్తి మీది కుట్ల మచ్చ వైపు ఒకసారి చూసింది. "నిన్ను గొట్టుడు నాది తప్పే" అని పతకం తీసుకుని బయటికొచ్చింది. చిన్నాయిన మళ్ళీ మా ఇంటికి రావడం మొదలుపెట్టాడు.

కొన్నేళ్ళకు మేము గుండ్లపోచంపల్లిలో ఒక చిన్న ఇల్లు కట్టుకుని అమ్మను తెచ్చుకున్నాం. పక్కింటి ఆడవాళ్ళు సాయంత్రం మా అరుగు మీద కూచునేవాళ్ళు. ఎవరి మొగుడు ఏం చేశాడన్న మాట వస్తే అమ్మ, "మా ఆయిన మిల్ట్రీ. లడాయిల దెబ్బ తిన్నడు. సర్కారు పతకమిచ్చింది" అనేది. వాళ్ళు గౌరవంగా తలలు ఊపేవాళ్ళు. నేను లేచి లోపలికి పోయేదాన్ని.

ఒకరోజు పోలేదు. "గసువంటి తండ్రి దొరుకుడు అదృష్టం అక్కా" అని ఒకామె అన్నప్పుడు, "నన్ను, అమ్మను సచ్చేటట్టు గొట్టేటోడు" అన్నాను.

అందరూ అమ్మ వైపు చూశారు. అమ్మ ఒళ్ళో చిక్కుడుకాయలు పోసుకుని ఈనెలు తీస్తోంది.

"అవ్. కొట్టేటోడు" అంది, ఇంకో కాయ చేతిలోకి తీసుకుంటూ.