తెలుగులో చదివి వినిపించని ఉత్తరం

మా పెదనాన్న కొడుకు బర్మా పార్లమెంటులో సభ్యుడని చెబితే ఇప్పుడెవరూ నమ్మరు. నమ్మకపోతే నాకు పోయేదేమీ లేదు. ఆ రోజుల్లో మా బందరు మాత్రం నమ్మింది. గెలిచిన కొత్తల్లో తల్లిని చూడ్డానికి వచ్చినప్పుడు టౌనుహాల్లో సభ పెట్టి, మెడ కనిపించకుండా దండలు వేసి, తెలుగువాడి సత్తాను సముద్రం దాటించాడని రెండు గంటలు పొగిడింది. మాట్లాడినవాళ్లలో సగం మందికి బర్మా ఎటువైపుందో తెలియదు. అన్నయ్య నవ్వుతూ వింటూ కూర్చున్నాడు. ఆయన్ని జైల్లో పెట్టినప్పుడు ఆ దండలు వేసిన చేతుల్లో ఒక్కటీ మా అర్జీ మీద సంతకం పెట్టలేదు. ఆ కోపం నాకింకా తగ్గలేదు. తగ్గాలని కూడా లేదు. కాకపోతే ఆ కోపంలో పెద్ద వాటా నా మీదే.

మాది దివిసీమలో కోడూరు అవతల చిన్న ఊరు. ఊరికి ఎడంగా, చర్చి చుట్టూ మా పేట. పెదనాన్న పొలం పనులతో ఇల్లు గడవక రంగం వెళ్లాడు. రంగూన్‌ని మావాళ్లు రంగం అనేవారు. అప్పటికి అన్నయ్య చంటిపిల్లాడు, పెద్దమ్మ చంకలో ఎక్కి ఓడ ఎక్కాడు. పెదనాన్న అక్కడి బియ్యం మిల్లులో పనిచేసి అక్కడే పోయాడు. యుద్ధం వచ్చి బాంబులు పడ్డప్పుడు తల్లీకొడుకులు వేలమందితో కలిసి కొండలు దాటి నడిచొచ్చారు. యుద్ధం అయ్యాక అన్నయ్య ఒక్కడే తిరిగి వెళ్లిపోయాడు. పెద్దమ్మ మాత్రం ఆ నడక తలుచుకుని మళ్లీ కదలనంది. అన్నయ్యకి అదే సొంత ఊరు. రేవు కూలీల కోసం పోట్లాడాడు, అక్కడ పుట్టి పెరిగిన తెలుగు పిల్లనే చేసుకున్నాడు, వాళ్ల భాషలో ఉపన్యాసాలిచ్చాడు, నిలబడ్డాడు, గెలిచాడు.

నేను బందరులో ఒక మిషన్ బడిలో టీచర్ని. ఇంగ్లీషు, సోషల్ చెప్పేదాన్ని. మా పేటలో ఇంగ్లీషు చదివిన మొదటి ఆడపిల్లని నేనే. ఆ గర్వం నాకు ఎంత ఉండాలో అంతకంటే ఎక్కువే ఉండేది.

బర్మాలో సైన్యం ప్రభుత్వాన్ని పడగొట్టిందన్న వార్త మా పత్రికలో నాలుగు లైన్లు వచ్చింది. మంత్రుల్ని, సభ్యుల్ని పట్టుకుపోయారని అందులోనే ఉంది. నాలుగు నెలలకి వదిన ఉత్తరం వచ్చింది. సగం లైన్లు నల్ల సిరాతో కొట్టేశారు. మిగిలినదాన్నిబట్టి తెలిసిందేమిటంటే, పొద్దున్నే అన్నయ్య గడ్డం గీసుకుంటుండగా సైనికులు వచ్చారు. రెండో చెంప గీసుకోనివ్వలేదు. ఏ నేరమో చెప్పలేదు. కోర్టు లేదు, వకీలు లేడు. ఏ జైల్లో ఉంచారో మూడు నెలల వరకు చెప్పలేదు. వదిన్ని ఆమె పనిచేసే బడిలోంచి తీసేశారు. ఇల్లు ఖాళీ చేయమన్నారు. వేలమంది ఓటేసి పంపిన మనిషిని సంతలో గొడ్డును తోలుకుపోయినట్టు తోలుకుపోయారు.

ఆ వారమే క్లాసులో నేను పౌరుల హక్కుల పాఠం చెప్పాలి. విచారణ లేకుండా ఎవరినీ బంధించరాదు అని బోర్డు మీద రాశాను. పిల్లలు రాసుకున్నారు. నాకు మాత్రం బోర్డు తుడిచేసి ఇంటికి వెళ్లిపోవాలనిపించింది.

పెద్దమ్మకి చదువు రాదు. నెలకోసారి రేవు దాటి, బస్సెక్కి, బందరులో నా గదికొచ్చేది. వచ్చీరాగానే ఒకటే మాట.

“ఏమే అమ్మాయ్, రాశావా?”

“రాశాను పెద్దమ్మా.”

“ఏవన్నారు?”

ప్రభుత్వానికి పంపిన అర్జీలకి ఎవరూ ఏమీ అనలేదని చెప్పడానికి నోరు రాక, జవాబు దారిలో ఉందని చెప్పేదాన్ని.

చివరికి ఇద్దరం రైలెక్కి గుడివాడ వెళ్లాం. అక్కడొక ఎమ్మెల్యే గారు ఉండేవారు. పెద్ద రైతు. బందరు సభలో అన్నయ్య పక్క కుర్చీ ఆయనదే. మర్నాడు అన్నయ్యని ఇంటికి పిలిచి లోపల హాల్లో భోజనం పెట్టారట. మమ్మల్ని వరండాలో కూర్చోబెట్టారు. కాఫీ ఇచ్చిన గ్లాసులు తాగాక మేమే కడిగి గోడ పక్కన బోర్లించాం. ఎవరూ కడగమని చెప్పలేదు. చెప్పక్కర్లేదని వాళ్లకీ తెలుసు, మాకూ తెలుసు.

“పాపం, మంచివాడమ్మా మీ అన్నయ్య,” అన్నారాయన, అన్నయ్య చచ్చిపోయినట్టు.

“మీరూ ఓట్లతో గెలిచినవారే కదండీ. అసెంబ్లీలో ఒక్క ప్రశ్న అడగండి. పేపర్లో పడితే వాళ్లు కొంచెమన్నా జంకుతారు,” అన్నాను.

“పొరుగు దేశం సంగతి టీచరమ్మా. మనం నోరెత్తకూడదు. మా కాలవ పూడిక గురించి అడిగితేనే టైము లేదంటున్నారు అక్కడ.”

పెద్దమ్మ ఆయనకి దణ్ణం పెట్టింది. నేను పెట్టలేదు. రైల్లో పెద్దమ్మ నన్ను తిట్టింది, “పెద్దాళ్లతో ఆ మాటలేంటే, పని చెడగొడతావు” అని. ఆమె మాట నిజమే అయింది, ఆ రోజు కాకపోయినా.

ఏడాది గడిచింది. వదిన దగ్గర్నుంచి మరో ఉత్తరం వచ్చింది. జైల్లో ఉన్న సభ్యుల్ని ఒక్కొక్కర్నీ పిలిచి విచారించే కమిటీ వేశారట. గొడవలు చేసే రకం కాదని తేలినవాళ్లని ఇళ్లకు పంపుతున్నారట. పెద్దలెవరైనా అన్నయ్య మంచితనం గురించి నాలుగు ముక్కలు రాస్తే మేలని రాసింది.

మాకు పెద్దలంటే ఎవరు, పాస్టరు గారే. మా పేటలో పిల్లాడికి హాస్టల్లో సీటు కావాలన్నా, ఆసుపత్రిలో ఆయా ఉద్యోగం కావాలన్నా, ఆఖరికి పెళ్లి సంబంధం కుదరాలన్నా పాస్టరు గారి ఉత్తరం ఉండాలి. ఆ ఉత్తరం ఎప్పుడూ ఒకే తీరున ఉంటుంది. ఫలానావాడు, ఫలానా ఊళ్లో, ఫలానావారికి పుట్టాడు, ఫలానా తేదీన మా చర్చిలో బాప్తిస్మం పొందాడు, నడవడి మంచిది. అలాంటి ఉత్తరం పట్టుకుపోతే మాకు తెరుచుకోని తలుపు లేదు. నా ట్రైనింగు సీటు కూడా అలా వచ్చిందే. రంగంలో మిలిటరీ ఆఫీసరు కూడా ఆ ఉత్తరం చూసి తలుపు తీస్తాడనుకున్నాం. అంత వెర్రివాళ్లం.

ముసలి పాస్టరు గారు బీరువాలోంచి పాత రిజిస్టరు తీశారు. అన్నయ్య పేరు, పుట్టిన తేదీ, ఊరు, తల్లిదండ్రుల పేర్లు ముత్యాల్లాంటి అక్షరాలతో ఉన్నాయి. ఆయన తెలుగులో చెబుతుంటే నేను ఇంగ్లీషులో రాశాను. నాకు ఒళ్లు తెలియలేదు. ఎక్కడెక్కడి మంచి మాటలో వెతికి వెతికి పెట్టాను. శాంతస్వభావుడనీ, ఈయన తల్లి నేటికీ మా సంఘంలో గౌరవంగా బతుకుతోందనీ రాశాను. పాస్టరు గారు సంతకం పెట్టి చర్చి ముద్ర వేశారు. సాక్షిగా కింద నేను కూడా సంతకం చేశాను.

పెద్దమ్మ చర్చి గుమ్మం దగ్గర కూర్చుని ఉంది. “ఏం రాశారో ఒకసారి చదవవే,” అంది.

“అంతా ఇంగ్లీషు పెద్దమ్మా. నీకేం అర్థమవుతుంది? మంచే రాశాంలే,” అన్నాను. పోస్టు వేళ దాటిపోతుందని నా తొందర. తెలుగులో చెప్పడానికి మూడు నిమిషాలు పట్టేది. ఆ మూడు నిమిషాలు నేనివ్వలేదు. ముగ్గురం ఆ ఉత్తరం మీద చేతులుంచి ప్రార్థన చేశాం. తర్వాత నేను రిజిస్టరు పోస్టులో పంపాను.

తర్వాత కొన్నాళ్లకి సభ్యుల్ని విడిచిపెడుతున్నారని పత్రికలో వచ్చింది. పెద్దమ్మ చాప, దిండు తెచ్చుకుని నా గదిలోనే మకాం పెట్టింది. పోస్టుమాన్ సైకిల్ గంట వినిపిస్తే చాలు, నాకంటే ముందు వీధిలో ఉండేది. ఒకరోజు వదిన కవరు వచ్చింది. వీధి గుమ్మంలోనే చించి చదివాను.

మిగతావాళ్లంతా ఇళ్లకు వెళ్లారు. అన్నయ్యకి మాత్రం ఐదేళ్ల శిక్ష వేశారు. రంగంలో పుట్టానని నామినేషన్ కాగితంలో రాసి ఎన్నికయ్యాడనీ, అది అబద్ధమని ఇండియా నుంచి వచ్చిన ఉత్తరం రుజువు చేసిందనీ అన్నారు. పౌరసత్వం కొట్టేశారు. ఏడాది పైగా జైల్లో ఉంచి ఒక్క నేరం దొరక్క తడుముకుంటున్నవాళ్లకి, నేను మంచి ఇంగ్లీషులో ఒక నేరం రాసి పంపించాను.

ఈసారి పెద్దమ్మకి తెలుగులో చెప్పాను, ఒక్క ముక్క వదలకుండా. ఆమె నా చేతిలోంచి ఆ ఉత్తరం తీసుకుని మడిచింది.

“వాడు గెలిచి నన్ను చూడ్డానికి వచ్చినప్పుడే నాకు చెప్పాడే. అమ్మా, ఎవరడిగినా నేను రంగంలోనే పుట్టానని చెప్పు, లేకపోతే అక్కడ నన్ను ఉండనివ్వరు అన్నాడు. నన్నడిగితే చెప్పేదాన్ని కదే.”

అంతే అంది. తిట్టలేదు. తిడితే బాగుండేది. చాప చుట్టుకుని మర్నాడు ఊరెళ్లిపోయింది. ఆ తర్వాత మూడేళ్లలో ఎప్పుడూ నా చేత ఉత్తరం రాయించలేదు. పేటలో ఆరో తరగతి చదివే పిల్ల చేత తెలుగులో రాయించుకుని, రెండుసార్లు చదివించుకుని పంపేదట. మూడో ఏడు కోతలప్పుడు జ్వరం వచ్చి పోయింది.

శిక్ష అయ్యాక అన్నయ్యని ఓడెక్కించి పంపేశారు. చేతిలో ఒక్క ప్రయాణానికే చెల్లే కాగితం. వదినా పిల్లలూ అక్కడే ఉండిపోయారు. బందరులో రైలు దిగిన మర్నాడే పోలీసు ఆఫీసులో హాజరు వేయించుకోవాలన్నారు. నేను తోడు వెళ్లాను. గుమాస్తా విదేశీయుల రిజిస్టరు తీసి అందులో అన్నయ్య పేరు రాయబోయాడు.

“ఈయన పుట్టింది దివిసీమలోనండీ. చర్చి రిజిస్టరు నకలు ఉంది, చూడండి,” అన్నాను.

“చర్చి కాగితాలు మాకు చెల్లవమ్మా. కరణం గారి దగ్గర జనన రిజిస్టరు నకలు తెండి.”

ఆ ఏడు రిజిస్టరు చెదలు తినేసిందని కరణం గారు ముందే చెప్పారు. అక్కడ ఒక మనిషిని ఐదేళ్లు జైల్లో పెట్టడానికి సరిపోయిన కాగితం, ఇక్కడ ఆ మనిషి సొంత ఊళ్లో పడుకోవడానికి సరిపోలేదు. వారానికోసారి వచ్చి సంతకం పెట్టమన్నారు. అన్నయ్య తల వంచుకుని పెట్టాడు.

మధ్యాహ్నం ఊరికి బస్సెక్కాం, పెద్దమ్మ సమాధి చూడ్డానికి. చల్లపల్లి దాటాక ఇక ఉండబట్టలేక చెప్పేశాను, ఆ ఉత్తరం నేనే రాశానని.

“తెలుసు,” అన్నాడు. “కమిటీ ముందు నా చేతికిచ్చారు. కింద నీ సంతకం ఉంది.”

“మరి అది అబద్ధమని చెప్పేయలేకపోయావా?”

“వాళ్లలో ఒక కుర్ర ఆఫీసరు మంచివాడు. నన్ను పక్కకి పిలిచాడు. ఇందులో రాసిన ఆవిడ నీ తల్లి కాదని ఒక్క ముక్క రాసిచ్చేయ్, ఈ ఉత్తరం ఇంకెవడి గురించో అనుకుని కొట్టేస్తాం, సాయంత్రానికి ఇంటికి పో అన్నాడు. కలం కూడా ఇచ్చాడు.”

“రాసివ్వాల్సింది అన్నయ్యా! పెద్దమ్మకి ఎప్పటికీ తెలిసేది కాదు కదా!” బస్సులో అందరూ తిరిగి చూసేలా అరిచాను. ఐదేళ్ల కోపం, ఎవరి మీదో తెలియని కోపం, ఆయన మీదకే వచ్చింది.

అన్నయ్య కిటికీలోంచి చేల వైపు చూశాడు.

“అమ్మ కాదని ఎలా రాయమంటావే? అప్పటికింకా బతికే ఉంది.”