చెప్పులు విడిచిన జాగ

మా అవ్వ బతికినన్నాళ్లు పంట నూర్చే కల్లంలకు చెప్పులతోని అడుగుపెట్టలే. గింజ రాలే జాగంటే ఆమెకు అంత గౌరవం.

దేవరకొండ దిక్కు ఒక రచయిత వ్యవసాయ భూమిని పార్కు చేసిన్రు. వయసుల ఉన్నప్పుడు అవ్వ ఆయన చెల్కలనే కూలికి పోయేది. చూపిద్దామని తీస్కపోయిన. అందరూ ఆయన విగ్రహం పక్కన ఫొటోలు దిగుతున్నరు. అవ్వ మాత్రం పచ్చగడ్డి పెంచిన ఒక మూలకు పోయి చెప్పులు విడిచింది.

"అవ్వా, గిది గుడి గాదు, పార్కు" అని నవ్విండు వాచ్‌మన్.

"గిది మా కల్లం బిడ్డా. ఆయన గొప్పగ రాసిండు, నిజమే. రాసినన్ని దినాలు ఆయన తిన్న జొన్నలు మేం గీడనే తూర్పారవట్టినం."

నడుం నిటారుగ చేసి నా దిక్కు తిరిగింది.

"ఇగ తియ్యి నా ఫొటో. కాళ్లు గూడ రావాలె."