ఎదగనని మొండికేసిన పూలు

బోధన్ చుట్టుపక్కల చెరుకు రైతుల్లో హన్మండ్లుకు పొడవంటే పిచ్చి. మనిషి ఆరడుగులు. చర్నాకోల పొడవు, చెప్పే ముచ్చట మరీ పొడవు. తలవంచి చూడాల్సింది ఏదైనా సరే, అది పంటే కాదని ఆయన నమ్మకం.

1963లో నిజామాబాద్‌లో వ్యవసాయ ప్రదర్శన పెడితే, పొడుగు చెరుకు పోటీకి తన చేనిలో గడ ఒకటి తీసుకుని బయలుదేరాడు. అది బస్సులో పట్టలేదు. చేసేది లేక రెండు ముక్కలు చేశాడు. అక్కడి పెద్దమనుషులు ఒక ముక్కనే కొలిచారు. రెండోది వేరే గడ అన్నారు.

"రెండు గల్పి కొలువుండ్రి సారు. పొద్దుగాల ఒక్కటే ఉండె" అని హన్మండ్లు ఎంత మొత్తుకున్నా వినలేదు. ఊరడింపుగా ఒక విత్తనాల పొట్లం చేతిలో పెట్టి పంపారు. దాని మీద ఎర్రటి, పసుప్పచ్చటి పూల బొమ్మ. పేరు జీనియా.

పొడుగు పోటీలో ఇచ్చిన విత్తనం కాబట్టి మొక్క కూడా పొడుగే అవుతుందనుకున్నాడు. ఎండలు ముదరకముందే ఇంటి ముందు మట్టి గుల్ల చేసి, మేక ఎరువు కలిపి, ఊకలాంటి ఆ గింజల్ని పైపైన నాటాడు. ఆసరాకని నిలువెత్తు వెదురు బొంగులు పాతి, కొసలను తాళ్ళతో కలిపి కట్టాడు. వారం తిరక్కముందే మొలకలొచ్చాయి. జానెడు ఎత్తుకు రాగానే మొగ్గ తొడిగాయి.

హన్మండ్లుకు తల కొట్టేసినట్టయింది. "ముందుగాల ఎదుగు, ఎన్కశీరి పూద్దువు" అంటూ మొగ్గల్ని గిల్లేశాడు. గిల్లిన చోట రెండేసి కొమ్మలొచ్చాయి. కొమ్మకో మొగ్గ. మళ్ళీ గిల్లాడు. మొక్కలు అడ్డంగా బలిసి గంపల్లా తయారయ్యాయి తప్ప పైకి లేవలేదు. ఆయన కన్నుగప్పి విచ్చుకున్న పూలను భార్య పెంటవ్వ కాడలతో కోసి చెంబు నీళ్ళలో పెట్టేది. అవి వారం దాటినా వాడకపోవడం ఆయనకు మరీ అవమానంగా తోచింది.

ఒక పొద్దున ఓర్పు నశించి మొక్క ముందు గొంతుకూర్చున్నాడు. "జానెడు లేవు. గీ వయసుల నీకు పెండ్లి గావాల్నా?"

దారిన బండి తోలుకుపోతున్న లింబయ్య ఆ మాట విన్నాడు. ఇంటి ముందు బొంగులు చూసి పందిరనుకున్నాడు. హన్మండ్లు పసిబిడ్డకు పెండ్లి చేస్తున్నాడన్న కబురు మోర్తాడ్ దాకా పాకింది. అక్కడినుంచి ఆయన అక్క అంజవ్వ, చుట్టాల్ని బండ్లకెత్తుకుని దిగింది. చంకలో కొత్త చీర, కంట్లో నీళ్ళు.

"నాకు జెప్పకుంట మేనకోడలి పెండ్లి జేస్తున్నవా, తమ్మీ?"

"నాకు బిడ్డెక్కడుందక్కా? ఇద్దరు పోరగాండ్లేనాయె."

అంజవ్వ కాసేపు ఆలోచించింది. "గది వేరే ముచ్చట. ఉంటే గిట్లనే జేస్తుంటివి."

వెంట వచ్చినవాళ్ళు అప్పటికే కాళ్ళు కడుక్కుని చాపల మీద కూర్చున్నారు. పెంటవ్వ గుండిగ పొయ్యి మీద పెట్టింది. తిన్నాక పిల్లను చూపించమన్నారు. హన్మండ్లు మొక్కల్ని చూపించాడు. అందరూ చుట్టూ చేరారు.

"రంగు మంచిగుంది" అన్నాడు ఒక ముసలాయన.

"జర పొట్టిది" అంది ఒకావిడ.

హన్మండ్లుకు చురుక్కుమంది. "పొట్టైతేంది? గాలికి వడిపోదు. కోసినకొద్ది పూస్తది. గిసొంటిది మీ ఇండ్లల్ల ఉందా?"

ఆ మాటలు తన నోటినుంచే వచ్చాయని ఆయనకు కాసేపటికి గానీ తెలియలేదు. తెలిశాక లోపలికి పోయి కొడవలి తెచ్చి, ఇంటికో గుత్తి కోసి చేతుల్లో పెట్టాడు. బండ్లు కదిలేటప్పుడు అంజవ్వ ఆ పూలను చూసి నిజంగానే ఏడ్చింది. పిల్లను అత్తారింటికి పంపినవాడిలా హన్మండ్లు కూడా కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. మర్నాడు బొంగులు పీకేశాడు.

అప్పటినుంచి ఏటా జీనియాలు వేశాడు. తన గింజలు తానే దాచుకున్నాడు. పొట్టిగా పూసిన మొక్కల నుంచే తీసేవాడు, కొంచెం సాగినవాటిని నిర్దయగా పీకేసేవాడు. 1974లో చక్కెర ఫ్యాక్టరీ తరఫున చెరుకు చూడ్డానికి కొత్తగా వచ్చిన ఇన్‌స్పెక్టర్‌కు, పూల మధ్య బోర్లా పడి కదలకుండా ఉన్న ఆరడుగుల మనిషి కనిపించాడు. ఆయన హడలిపోయి నాడి చూడబోయాడు.

"జర పక్కకు జరుగుండ్రి సారు" అన్నాడు హన్మండ్లు తలెత్తకుండానే. "మొగ్గ మీద నీడ వడుతుంది."