చెరపకూడని గీతలు

లాండ్రీ వెనక గదిలో మరకలు తీసే ఆమెను అందరూ మరకలక్క అనేవారు. ఆ గదిలో ఓ పొడవాటి బల్ల, దాని మీదికి వంగిన తెల్లని లైటు, గోడ పొడుగునా సీసాలు, మెత్తని బ్రష్షులు. బట్ట చేతికొస్తే చాలు, అది తొడిగిన మనిషి జాతకం చెప్పేసేది. "ఈయన తింటాడో, తిన్నదాంతో స్నానమే చేస్తాడో!" అని మూతి విరిచేది. ఖరీదైన కోట్లవాళ్లంటే మరీ చులకన. పైన పటారం, లోన లొటారం అని తీసిపారేసేది.

ఇంతటి మనిషి, ఎడమ రొమ్ములో గడ్డ చేతికి తగిలినా నెలల తరబడి పట్టించుకోలేదు. ఊరందరి మరకలూ కనిపెట్టే కంటికి తన ఒంట్లోది ఆనలేదు మరి! చివరికి చెల్లెలు ఆసుపత్రికి ఈడ్చుకెళ్లింది. క్యాన్సర్ అన్నారు.

డాక్టరమ్మ ముందైనా నోరు కుదురుగా ఉంటే బాగుండేది.

"ముందు ఆపరేషన్ చేసి గడ్డ తీసేస్తామమ్మా. చుట్టూ కాస్త మంచి కండ కూడా తీస్తాం. చంకలో గ్రంథులు కొన్ని తీసి, అక్కడిదాకా పాకిందేమో చూస్తాం."

"కత్తిరించడం కూడా ఓ విద్యేనాండీ? మరకపడ్డ చోట గుడ్డ కత్తిరిస్తే మా ఓనరు నన్ను మెడపట్టి గెంటేస్తాడు!"

చెల్లెలు సిగ్గుతో చచ్చిపోయింది. డాక్టరమ్మ నవ్వి ఊరుకుంది.

ఆపరేషన్ అయ్యింది. చంకలోకి కొంచెం పాకిందని తేలింది. గాయం మానాక కీమో మొదలుపెట్టారు. నరంలోకి చుక్కచుక్కగా మందు ఎక్కేది. గబగబా పెరిగే కణాలను ఆ మందు చంపుతుందని, జుట్టు కుదుళ్లలో, నోట్లో, పేగుల్లో ఉండే కణాలదీ అదే పెరుగుదల గనుక వాటికీ దెబ్బ తగులుతుందని డాక్టరమ్మ చెప్పింది. అవి తేరుకోవడానికే మధ్యమధ్య విరామం ఇస్తారట.

"ఒక్క సిరాచుక్కకి చొక్కా మొత్తం నానబెట్టడం, ఇదేం పనండీ?"

"ఆ చుక్క ఎక్కడెక్కడికి పోయిందో కంటికి కనబడదు కదమ్మా."

ఈ మాట నిజమేనని మరకలక్కకు తెలుసు. ఒప్పుకునే రకం మాత్రం కాదు.

జుట్టు రాలింది, నోరు పూసింది. పలకరించడానికి పిన్ని ఊడిపడింది. "కత్తి పెట్టించుకున్నావుటే? గాలి తగిలితే పాకుతుందట! మా పక్కింటావిడ ఆకురసం తాగి లేచి కూర్చుంది."

"ఆ రసానికి నీ చీర మీది మరకే పోదు పిన్నీ, నా రోగం పోతుందా? వెళ్లి పడుకో."

చెప్పేవాళ్లకు వినేవాళ్లు లోకువ. పిన్ని నోరు మూయించి మరకలక్క వారం రోజులు గర్వంతో ఉబ్బిపోయింది. లోకంలో తెలివితక్కువదనమంతా పిన్ని దగ్గరే ఉందనుకుంది.

తర్వాత రేడియేషన్. గడ్డ తీసిన చోట కంటికి కనబడని కణాలు మిగిలి ఉంటే, కిరణాలతో వాటిని ఇక పెరగలేకుండా చేస్తారు. రోజుకు కొంచెం చొప్పున, ప్రతిసారీ సరిగ్గా అదే చోట పడాలి. అందుకే స్కాన్ తీసి, రొమ్ము మీద, మెడ కింద ఊదారంగు సిరాతో గీతలు గీశారు. "వీటిని రుద్దకండమ్మా," అని మెషిన్ నడిపే కుర్రాడు చెప్పాడు. ఆమె వింటేగా! ఆమె చూపంతా అతని జేబు మీది పెన్ను మరక మీదే ఉంది. వీడా నాకు చెప్పేది అనుకుంది.

ఇంట్లో అద్దంలో చూసుకుంటే ఒళ్లంతా సిరా. ఇంత మురికిగా నలుగురి ముందుకు ఎలా వెళ్లడం? పనిలో వాడే స్పిరిట్టు తీసి, మెత్తని గుడ్డతో అంచు నుంచి మధ్యకు, చేతికొచ్చిన విద్యంతా ఉపయోగించి, ఆనవాలు లేకుండా తుడిచేసింది. చర్మం ఎర్రగా కందింది.

మర్నాడు కుర్రాడు చూడగానే పరుగెత్తి డాక్టరమ్మను పిలుచుకొచ్చాడు. డాక్టరమ్మ ఈసారి నవ్వలేదు.

"కింద గుండె ఉందమ్మా. గురి లేకుండా కిరణాలు ఎలా వదలమంటారు? చర్మం చల్లారాలి, మళ్లీ స్కాన్ తీయాలి, మళ్లీ గీయాలి."

"ఈలోగా... మిగిలినవి ఉంటే పెరుగుతాయాండీ?"

"పెరగవని నేను మాటివ్వలేను. అందుకే త్వరగా మొదలుపెడదాం."

పిన్ని మీద నోరు పారేసుకున్న మనిషి, చెల్లెలి భుజం మీద తల పెట్టి ఏడ్చింది. ఆకురసం తాగమన్న పిన్ని వల్ల ఏ నష్టమూ జరగలేదు. నష్టమంతా తన చేతి నేర్పు వల్లే. ఆ ఎదురుచూపులో ఆమె మొదటిసారిగా ప్రాణానికి భయపడింది, మొదటిసారిగా తనను తాను అసహ్యించుకుంది.

మళ్లీ గీతలు గీశారు. రోజూ వెళ్లి కదలకుండా పడుకునేది. ఇవి అయ్యాక, గడ్డకు ఎరువులాంటి హార్మోనును అడ్డుకునే మాత్రలు ఏళ్ల తరబడి వేసుకోవాలట. దానికీ నోరెత్తకుండా తలూపింది.

మధ్యాహ్నాలు లాండ్రీ ముందు కౌంటర్లో కూర్చునేది. ఓ రోజు మరకపడ్డ కోటు తెచ్చిన పెద్దమనిషి ఆమె మెడ కింద ఊదారంగు గీత చూసి వెటకారంగా నవ్వాడు.

"మరకలు తీసేవాళ్లకే మరకా? ముందు మీది తుడుచుకోండి."

ఆమె చెయ్యి అలవాటుగా గుడ్డ మీదికి పోయింది. వెంటనే ఆ చేతిని వెనక్కి లాక్కుని, కోటు తీసుకుంది.

"మీది ఎల్లుండికి పోతుంది బాబూ. నాది ఉండాలి."